ఖర్జూరం ఫోటో

జర్మనీలో తుర్కీవాళ్లు ఎక్కువగా ఉండే వీధిలో ఒక మంగలి షాపు. కుర్చీలో తుర్కీ నుంచి వచ్చిన బాస్కెట్‌బాల్ ఆటగాడు. గడ్డం గీస్తూ మంగలే ముందు మాట కదిపాడు.

"పేపర్లో నీ ఫోటో చూశాను. క్లబ్బువాళ్ల ఇఫ్తార్ విందులో ఖర్జూరం తింటున్నావు."

"అవునన్నా."

"వెనక గోడ గడియారంలో ఆరే అయింది. ఆ రోజు ఒక్కపొద్దు విడవాల్సింది ఆరూ నలభైకి. చూసినవాళ్లంతా ఛీ అంటున్నారు."

"చీకటి పడితే ఫోటో బాగా రాదని తొందరపెట్టారు. ముందు ఊరికే పెదాల దగ్గర పెట్టుకోమన్నారు. తర్వాత కొరకమన్నారు."

"కొరికేశావు."

"కోచ్ పక్కనే ఉన్నాడన్నా. మాట వింటే శనివారం ఆడిస్తాడనుకున్నాను."

"ఆడించాడా?"

"లేదు."

"థూ. ఈ ఏడాది మొత్తం ఎంతసేపు ఆడావు?"

"నాలుగు నిమిషాలు."

"మన వీధివాళ్లు టికెట్లు కొంటారని తెచ్చుకున్నార్రా నిన్ను. ఇజ్మీర్‌లో మీ అమ్మ అడగలేదా?"

"అడిగింది. ఆ గడియారం ఆగిపోయిందని చెప్పాను."

"అబద్ధం కూడానా. కదలకు, కత్తి తగులుతుంది. వచ్చే ఏడాది ఎక్కడికి పోతావు?"

"ఇక్కడే. ఇంకో రెండేళ్లు ఉండమన్నారు."

"ఆడించడానికా?"

"ఫోటో బాగా వచ్చిందట."