"ఏ మందు?" అని అడిగిన మా నర్సమ్మగారు

అమ్మలూ, అయ్యలూ, పంతులమ్మలూ, నర్సమ్మగారి ఇంటివారూ, కాస్త దగ్గరగా జరిగి కూర్చుని ఇది చదవండి. ఈ పదవీ విరమణ అభినందనలో గొంతెత్తి చెప్పుకోలేని సంగతి ఒకటి ఉంది.

మా పాఠశాల ఆరోగ్య గదిలో నర్సమ్మగారు బాధ్యతలు స్వీకరించినది ముప్పై ఒక్క ఏళ్ల కిందట, జూన్ పన్నెండో తేదీ, సోమవారం ఉదయం. అప్పుడు నేను అక్కడ ఆయాను. విరిగిన మంచం కాలి కింద నేను పెట్టిన ఇటుకను చూసి, "ఆయమ్మా, ఈ బళ్లో మొదటి రోగి మంచమేనన్నమాట!" అంటూ కొంగు దోపి, తామే సుత్తి పట్టుకున్నారు.

అది మొదలు పిల్లల కళ్లు, పళ్లు, చెవులు పరీక్షించడంలోనూ, కన్నవారికి తెలియని దిగుళ్లను కనిపెట్టడంలోనూ వారు చూపిన శ్రద్ధ అనన్యసామాన్యం. లెక్కల గంట కొట్టగానే కడుపునొప్పి అంటూ వచ్చే పిల్లలకు, "మాత్ర ఇవ్వను, ఇక్కడే కూర్చోబెట్టి లెక్క చేయిస్తాను, ఒప్పుకుంటావా?" అనేవారు. సగం నొప్పులు గుమ్మంలోనే తగ్గిపోయేవి.

వారి సేవలో పంతొమ్మిదో ఏట, ఎనిమిదో తరగతి చదువుతున్న నా మనవరాలు ప్రార్థనలో తూలి పడిపోయింది. మోసుకొచ్చి పడుకోబెట్టాం.

"ఏం తిన్నావు తల్లీ?"

"ఏం తినలేదండీ. మందు తాగాను. ఇవాళ పరీక్ష కదా, భయమేసింది."

"ఏ మందు?"

పిల్ల నా వంక చూసింది. నేను తల తిప్పుకున్నాను. వాసన నాకూ తెలిసింది, నర్సమ్మగారికీ తెలిసింది.

"ఆ టైలరుగారి పిల్లే అలవాటు చేసుంటుందండీ. ఇద్దరిదీ ఒకే బెంచీ" అనేశాను.

నిజానికి, నా మనవరాలికి ఆరేళ్లప్పటి నుంచీ జలుబు చేసినప్పుడల్లా మా ఆయన సీసాలోని బ్రాందీ చెంచాడు వేణ్ణీళ్లలో కలిపి, "మందమ్మా, గుటుక్కున మింగు" అని పోసినది ఈ చేతులే. జలుబుకు పనికొచ్చిన మందు భయానికీ పనికొస్తుందని పసిది అనుకుంది. సీసా వంటింటి అలమారులోనే, దాని చేతికి అందేలా ఉండేది.

నా మాట నమ్మి హెడ్మాస్టరు, అదే మా పెద్దసారు, టైలరుగారి అమ్మాయిని పది రోజులు బడికి రావద్దన్నారు. సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గర ఆగి, "అమ్మమ్మా, నేనేం చేశాను?" అని నన్నే అడిగింది. "వెళ్లమ్మా, వెళ్లు" అని గేటు మూసేశాను.

నాలుగో రోజున నర్సమ్మగారు నన్ను కూర్చోబెట్టి మళ్లీ అదే మాట అడిగారు: "ఏ మందు ఆయమ్మా?"

కక్కేశాను. ఉద్యోగం పోతుందని భయపడ్డానన్నాను.

"పెద్దసారుతో నేను మాట్లాడతాను. ఆ పిల్ల ఇంటికి మాత్రం నువ్వే వెళ్లాలి. నేను చెబితే కబురు, నువ్వు చెబితే నిజం."

పిల్లను వెనక్కి పిలిచారు. నేను మాత్రం వెళ్లలేదు. నిజం పెద్దసారు గదిలోనే ఆగిపోయింది. 'తాగే పిల్ల' అన్న పేరు ఆ అమ్మాయికి అంటుకుంది. మరుసటి ఏడు తను వేరే బడికి మారిపోయింది.

నా మనవరాలిని నర్సమ్మగారు ఏడాదిపాటు మధ్యాహ్నాలు పక్కన కూర్చోబెట్టుకుని, భయాన్ని భయమని చెప్పుకోవడం నేర్పారు. ఆపై ప్రతి శనివారం తల్లిదండ్రులను పిలిపించి, "చుట్టాలొస్తే గ్లాసులు పిల్లల చేత పట్టించకండి. సరదాకని చుక్క కూడా నాలిక మీద వేయకండి. సీసాను మందు అనకండి, సారా అనండి, బ్రాందీ అనండి, దాని పేరు దానికి పెట్టండి. ఉంటే తాళం వేయండి" అని బతిమాలేవారు.

"మా వాడికింకా మీసమే రాలేదండీ, ఇప్పుడే ఎందుకు?" అని ఒక తండ్రి నవ్వితే, "మీసం వచ్చేదాకా ఆగితే, మీకంటే ముందు ఇంకెవరో చెప్పేస్తారు నాయనా" అన్నారు. పిల్లలను జంటలుగా నిలబెట్టి, తాగమని బలవంతపెడితే కాదనడం సాధన చేయించేవారు. "తాగకపోతే పిరికిదానివే!" అని ఒకతె అంటే, "పిరికిదాన్నే! నీ గ్లాసు నువ్వే పట్టుకో" అని రెండోది అనాలి. గది గదంతా నవ్వులే.

నేను పని మానేశాక కూడా, ఎక్కడ ఎదురైనా, "వెళ్లావా?" అని అడిగేవారు. "వెళ్తానండీ" అనేదాన్ని. అలా పన్నెండేళ్లు గడిచాయి.

ఈ కాగితం అచ్చుకు ఇచ్చే ముందు వెళ్లాను. ఆ అమ్మాయి ఇప్పుడు తండ్రి మిషను మీద తనే కుడుతోంది. ఇదంతా చదివి వినిపించాను. చాలాసేపు కుట్టు ఆపలేదు. చివరికి, "ఇది అందరూ చదువుతారా?" అని అడిగింది. "చదువుతారమ్మా" అన్నాను. కూర్చోమనలేదు. అనాలని నేనూ కోరలేదు.

నర్సమ్మగారూ, వెళ్లాను. మీరు ఆయురారోగ్యాలతో, కంటినిండా నిద్రతో, మనవల ఆటపాటల నడుమ నూరేళ్లు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

చదివిన తల్లులారా, నన్ను ఏమన్నా పడతాను. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకుని పదిమందికీ చెప్పండి: టైలరుగారి అమ్మాయి ఏనాడూ తాగలేదు. ఆ మాట అబద్ధం. ఆడినదాన్ని నేను.