దమ్ము ధ్యానం

ఆస్పత్రి లాండ్రీలో డ్యూటీ దిగి, అక్క నేరుగా తమ్ముడి గదికి వచ్చింది. అతను లిఫ్టు మెకానిక్కు. పట్టపగలే కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

"ఛీ! ముందా కిటికీ తెరువు. ఏం కంపురా ఇది?"

"చెప్పులక్కా, చెప్పులు బయట విడువు. ఇది ధ్యానం చేసుకునే చోటు."

"ఈ నేల మీద వట్టికాళ్లతోనా? నావల్ల కాదు. జిగురు పట్టి అంటుకుంటోంది. ఆ గిన్నెలో ఏంటది, ఉమ్మా?"

"నీళ్లే. బూడిద పడి అలా... ముట్టుకోకు."

"ముట్టుకుంటానని ఎలా అనుకున్నావు? రోజూ రోగుల దుప్పట్లు ఉతుకుతాను. చీమూ నెత్తురూ చూసొచ్చి అన్నం తింటాను. నీ గదికొచ్చేసరికి ముక్కు మూసుకోవాల్సొస్తోంది."

"అరవకు. ఇప్పుడిప్పుడే మనసు కుదురుకుంది."

"కుదురుకోలేదురా, మొద్దుబారింది. ఎంత గంజాయి పీల్చావు?"

"గంజాయి గంజాయి అని అలా అనకు. మా గురువుగారు దాన్ని మూలిక అంటారు."

"ఆయనేమన్నా అనుకోనీ, కంపు కంపే."

"నీకు తెలీదు. ఊరికే కూర్చుంటే ఆలోచనలు ఈగల్లా ముసురుతాయి. ఒక్క దమ్ము లాగితే ఒక్కొక్కటే లేచిపోతుంది. చివరికి నేను కూడా ఉండను."

"నువ్వు లేకుండా పోయిన సంగతి మీ సూపర్‌వైజర్ చెప్పాడులే. ఇందాక ఫోన్ చేశాడు."

"ఏమ... ఏమన్నాడు?"

"నువ్వే చెప్పు. నిన్న ఏం చేశావు?"

"ఏం చేశాను? నూనె వేశాను, తీగలు చూశాను, వచ్చేశాను."

"నాలుగో అంతస్తులో తలుపు తెరిచిపెట్టి వచ్చేశావు. అవతల లిఫ్టు లేదు. కిందంతా ఖాళీ. ఎవరో పెద్దాయన అడుగు వెయ్యబోయాడట. వెనకున్నావిడ చొక్కా పట్టి లాగబట్టి బతికాడు."

"మూశాను. మూసినట్టే గుర్తు."

"గుర్తు! నీ గుర్తుకి ఒక మనిషి పోయేవాడు. ఒళ్లు జలదరించట్లేదా నీకు?"

"జలదరిస్తోంది."

"నవ్వుతున్నావు."

"నవ్వట్లేదక్కా. మొహం అలా అయిపోతుంది, అంతే."

"థూ! ధ్యానమంటే ఇదా? నాన్న మనిద్దర్నీ చాప మీద కూర్చోబెట్టి నేర్పింది ఇదా? వెన్ను నిలబెట్టు, ఊపిరి చూస్తూ ఉండు, అంతేగా అన్నాడు? నేనిప్పటికీ పొద్దున్నే కూర్చుంటాను. మోకాళ్లు పీకేస్తాయి, కునుకొస్తుంది, పక్కింటి వాళ్ల మీద కోపమొస్తుంది. అయినా కూర్చుంటాను. నీలా అడ్డదారి తొక్కలేదు."

"కూర్చుని ఏం చూశావు?"

"చూడ్డానికి అదేమైనా సినిమానా?"

"నేను చూశాను. నాన్నని."

"నోర్ముయ్."

"నిజమక్కా. అందుకే మానలేకపోతున్నాను. ఆ గోడవారగా వచ్చి కూర్చుంటాడు."

"అసహ్యంగా ఉందిరా నిన్ను చూస్తే. పక్కవాడి సిగరెట్టు పొగకే లేచి వెళ్లిపోయే మనిషిని తెచ్చి ఈ కంపులో కూర్చోబెడతావా?"

"చొక్కా చేతులు మోచేతిదాకా మడుచుకుని, ఎడం చెయ్యి మెడ మీద వేసుకుని..."

"ఆపు. ఆపమంటున్నానా! లే, మొహం కడుక్కో. ముందు ఆ పెద్దాయన ఇంటికెళ్లి కాళ్ల మీద పడు. ఆ గురువు దగ్గరికి మళ్లీ వెళ్లావో, నా గుమ్మం తొక్కకు."

"వస్తున్నా, పద. అయినా నీకెందుకింత మండుతోందో నాకు తెలుసు."

"ఎందుకట?"

"నీ పెళ్లినాడు మొహం తిప్పుకున్నవాడు, పోయేదాకా నీతో ఒక్క మాట మాట్లాడలేదు. నాతో ఇప్పుడు రోజూ మాట్లాడుతున్నాడు."

"అది నాన్న కాదు. పొగ."

"పొగేలే."

"పొగే."

"నీ గురించి కూడా అడిగాడు."

"అబద్ధం."

"సరే, అబద్ధమే. పద, ఆ పెద్దాయన ఇంటికెళ్లాలన్నావుగా."

"వెళ్దాం. వెళ్దాంలే... కాస్త ఆగు. ఏమని అడిగాడ్రా?"