గడ్డకట్టిన పైపు, మంచి నిద్ర

ఉత్తర చైనా, హెబెయ్ కొండమెరక మీద ఒక పల్లె. జనవరి, మధ్యాహ్నం రెండున్నర, సున్నాకి పంతొమ్మిది డిగ్రీలు కింద. పెళ్లయి నలభై రోజులైన యున్‌జూ, ఆమె నాన్నా అని పిలిచే మామగారు హావ్, ఇంటి వెనక, గదులకి వేడినీళ్లు పంపే హీట్ పంపు ముందు నిలబడ్డారు. దాని పక్కనున్న కిటికీ కొత్తజంట గదిది. అద్దం మీద పెళ్లినాటి ఎర్రకాగితం పువ్వు ఇంకా అలాగే ఉంది, ఎంత ముద్దుగా ఉందో.

"కరెంటు పోయిందమ్మాయ్, అంతే."

"ఎప్పుడు పోయింది నాన్నా?"

"ఎప్పుడో. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసొచ్చి తొమ్మిదింటికి పడుకున్నదానివి, ఇప్పుడు లేచావు. నీకేం తెలుస్తుంది. నిద్ర పట్టిందా?"

"భలే పట్టింది. మూడు రోజుల్నించీ ఎంత హాయిగా పడుతోందో. ఈ మిషన్ రొదకి కూడా అలవాటు పడిపోయినట్టున్నాను, అసలు వినపడనే లేదు. అది సరే గానీ, కరెంటు పోతే వంటింట్లో రైస్ కుక్కర్ గడియారం సున్నాలు చూపించాలి కదా? సరిగ్గా రెండున్నర చూపిస్తోంది."

"మంచి కుక్కరేమో."

"సంతలో మీరే కొన్నారు. మంచిదేం కాదు."

"కుక్కర్ సంగతి తర్వాత. జరుగు, స్విచ్చి వేస్తాను."

"వేయకండి. చెయ్యి తీయండి నాన్నా, నిజంగా చెప్తున్నాను. ఇప్పుడే మెకానిక్‌తో మాట్లాడాను. పైపులో నీళ్లు గడ్డకట్టి ఉంటే, అవి తిరగకుండా మిషన్ నడిపితే మొత్తం పోతుందన్నాడు. బయటి పైపు ఒక్కటే గడ్డకడితే కరిగించుకోవచ్చంట. మిషన్ లోపలి రేకులు పగిలితే మాత్రం కొత్తది తెప్పించాలి. కొత్తేడాది పండగ ముందు ఎవరూ పంపరు, పండగ తర్వాతే."

"తర్వాతంటే?"

"ఇరవై రోజులు."

"ఇరవై రోజులా? లోపల మా అమ్మ..."

"నాయనమ్మ గదిలో పదమూడు డిగ్రీలుంది. రెండు దూది కోట్లు తొడిగి, వేడినీళ్ల సంచీ ఒళ్లో పెట్టొచ్చాను. నిమోనియా తగ్గి ఆవిడ ఇంటికొచ్చి వారం కాలేదు. ఈ ఇంట్లో వేడి లేకపోతే ఏమవుతుందో నర్సుని, నాకు తెలుసు."

"పాత బొగ్గుపొయ్యి ఉంటే ఈ గోలే లేదు."

"అదీ సంగతి."

"ఏది సంగతి?"

"ఏం లేదు. ముందు పైపు చూడనివ్వండి. ఇదిగో, ఈ వంపు దగ్గర తొడుగు చిరిగింది. పిచ్చుకలు పీక్కుపోయినట్టున్నాయి. చెయ్యి పెట్టి చూడండి, రాయిలా ఉంది. మిగతాది కాస్త నయం. ఎక్కడికి వెళ్తున్నారు?"

"కెటిల్ మరుగుతోంది. ఆ నీళ్లు పోస్తే రెండు నిమిషాల్లో..."

"పగిలిపోతుంది. పోయకండి. చలికాలం తినే గడ్డకట్టిన బేరిపండుని మీరు మరిగే నీళ్లలో వేస్తారా?"

"ఎవరేస్తారు? తోలు చిట్లిపోదూ. చన్నీళ్లలో వేసి, మెల్లగా..."

"పైపు కూడా అంతే. నా హెయిర్ డ్రయ్యర్ తెస్తానుండండి. ఈలోపు మీరు కింది కుళాయి తిప్పండి. కరిగిన నీళ్లు బయటికి రావడానికి దారుండాలన్నాడు."

"తిప్పాను. చుక్క లేదు."

"ఉండదు, ఇంకా కరగలేదుగా. ఇదిగో పట్టుకోండి. కుళాయి వైపునించి మొదలెట్టి వంపు దాకా. మరీ దగ్గరగా పెట్టకండి."

"గులాబీరంగుదా. పక్కింటివాడు చూస్తే ఊరంతా చాటుతాడు, హావ్ ముసలాడు గోడకి జుట్టు ఆరబెడుతున్నాడని."

"నవ్వించకండి. నేను కోపంగా ఉన్నాను."

"నా మీదా?"

"మరి ఎవరి మీద? ఈ స్విచ్చి పైన ఎర్ర సిరాతో నేనేం రాసి అంటించాను? 'చలికాలం ఆపరాదు.' ఇంత లావు అక్షరాలు."

"కళ్లజోడు లేకపోతే నాకు కనపడదు."

"కళ్లజోడు మీ నెత్తి మీదే ఉంది. ఎవరో ఆపారు మామయ్యా. కుక్కర్ పనిచేస్తోంది, ఫ్రిజ్ పనిచేస్తోంది, ఇదొక్కటే ఆగింది. నాయనమ్మ మంచం దిగదు, మీ అబ్బాయి తియేషాన్ తెల్లారే బస్సు తీసుకుని వెళ్లాడు, రాత్రికి గానీ రాడు. ఇంక మిగిలిందెవరు?"

"మామయ్యనా? పెళ్లిరోజు నా చేతిలో కానుక డబ్బుల ఎర్ర కవరు తీసుకుని నాన్నా అన్నావు. నలభై రోజులకే మామయ్యనయ్యానా?"

"మాట మార్చకండి. మొదట్నించీ మీకిది ఇష్టం లేదు. ఊళ్లో అందరూ పెట్టించుకున్నా మీరు ఒప్పుకోలేదు, తియేషాన్ చెప్పాడు. నేనే బతిమాలి ఒప్పించాను, పొగ లేకపోతే నాయనమ్మ దగ్గు తగ్గుతుందని. అది పాడైతే మీ మాటే నెగ్గుతుందని ఆపారా? అదే అయితే చెప్పేయండి."

"తొడుగు సంగతి చూడు. కరిగినా మళ్లీ చలికి బిగుసుకుంటుంది."

"లోపల్నించి తెచ్చాను, ఈ బొంత చుడతాను."

"పెళ్లి బొంత అది. మీ అమ్మ చేత్తో కుట్టింది. బయట మట్టిలోనా?"

"ఆరు కుట్టింది. ఒకటి పోతే అమ్మ ఏమీ అనుకోదు. పట్టుకోండి, ఈ కొస... ఆగండి. విన్నారా?"

"ఏంటి?"

"లోపల. గుడగుడమంది. డ్రయ్యర్ ఆపండి."

"చుక్క పడింది. ఇదిగో, ఇంకోటి. ధారగా వస్తోంది తల్లీ, ధారగా."

"పైపంతా తడమండి. ఎక్కడైనా కారుతోందా? అటు పక్క నేను చూస్తాను. ఇక్కడ పొడిగా ఉంది. వంపు దగ్గర?"

"పొడిగానే ఉంది. వేళ్లు తడి కాలేదు."

"కుళాయి కట్టండి. నీళ్లు నింపాను, ఒత్తిడి ముల్లు పచ్చగీత దగ్గర నిలబడింది. ఇప్పుడు వేయండి. మీరే వేయండి."

"వేశాను... తిరుగుతోంది."

"తిరుగుతోంది. పైపు వెచ్చబడుతోంది చూడండి. అబ్బా, ఈ రొద ఇంత బాగుంటుందని నాకు తెలీదు. నాకు ఏడుపొస్తోంది."

"ఏడవకు. చెంపల మీదే గడ్డకడుతుంది."

"తియేషాన్ అడిగితే కరెంటు పోయిందనే చెప్తాను, ఒట్టు. కానీ నాకు మాత్రం నిజం చెప్పండి. ఎందుకు ఆపారు?"

"వదిలెయ్యమ్మా."

"వదలను. రేపు నేను పడుకున్నాక మళ్లీ ఆపితే?"

"ఆపను. పోయిన ఆదివారం నువ్వు మీ అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. ఇల్లు బాగుంది, మనుషులు బాగున్నారు, కిటికీ పక్కన ఈ రొద ఒక్కటే, పగలు కన్ను మూతపడట్లేదు, వాళ్లతో ఎలా చెప్పను అన్నావు."

"నాన్నా..."

"మొన్నా నిన్నా ఆపినా ఇంత చలి లేదు, నువ్వూ పదకొండింటికే లేచావు. ఇవాళ మరీ ఆదమరిచి పడుకున్నావు. మిషన్ వేసి లేపబుద్ధి కాలేదు."