కాటా కంప్యూటరు వెనక తెర

మిల్లు గేటు దగ్గర చెరకు బళ్ళు కదలకుండా నిలబడి ఉంటే, ఎదురుగా పరదేశి టీ బడ్డీలో కాటా గది ఆపరేటరు బంగార్రాజు గొప్పలు మొదలెట్టాడు. బెంచీని ఆనుకునే ఎస్టీడీ బూతు ఉంది. పొద్దుటినుంచి అతను అటువైపు చూడడం లేదు.

"సర్వరంటే ఏటనుకుంటన్నారు? కాటా గదిలో కంప్యూటర్లన్నీ దాని మాటే ఇంటాయి. మరి దాన్ని బిగించిన వైజాగాయన ఏం సేసేడో తెలుసా? ముందర ఓ తెర పెట్టేడు. నాలుగంటే నాలుగు బొత్తాలు. బండి వచ్చిందా, తూచు, చీటీ కొట్టు, పంపించీ. మూలన సిన్నగా 'అడ్వాన్స్‌డ్' అని ఇంకోటుంది. దాని జోలికెల్లకు, ఎల్లి సిక్కుకుంటే నాకు ఫోన్ సెయ్యి అన్నాడు. ఎవరికి సెప్పేడు, కంప్యూటరు కోర్సు సేసిన నాకు."

"నొక్కేవేటి?" అన్నాడు ట్రాక్టరు సత్యారావు.

"నొక్కకుంటానేటి? తెరుసుకుంది బాబూ. గదిలో గది, ఆ గదిలో ఇంకో గది. ఒక దాంట్లో టిక్కు పెట్టేను, కాటా వణికింది. ఇంకో దాంట్లో పెట్టేను, ఆ తర్వాత ఏటైందో తెలుసా? మాడుగుల్లో కరెంటు పోయింది. మళ్ళీ నొక్కేను, వచ్చీసింది. హల్వా కొట్టాయన కడాయి ముందర నిలబడి నాకు దండం పెట్టేడు."

"మాడుగుల్లో ఉన్నోడు నీకెలగ కనబడ్డాడు బావా?" టీ వడపోస్తూ అడిగాడు పరదేశి.

"సర్వర్లో కనబడతాడు. నీకు సెప్పినా అర్థమవదు."

నవ్వారు. బంగార్రాజూ నవ్వాడు. కానీ నిజంగా జరిగింది అతనికి తెలుసు. ఆ నాలుగు బొత్తాలతో గేటు వాచ్‌మన్ కూడా చీటీలు కొట్టేస్తున్నాడు. "మరి నీ పనేటి బాబూ?" అని నిన్న వాడు మామూలుగానే అడిగాడు. ఆ మాట రాత్రంతా గుచ్చింది. పొద్దున్నే వచ్చి మూలనున్న బొత్తాం నొక్కాడు. పని తెలిసినవాడి కోసం పెట్టిన తెర అది. ఎటు చూసినా తెలియని మాటలే. ఎక్కడ గడి కనిపిస్తే అక్కడ టిక్కు పెట్టాడు. నాలుగు బొత్తాల తెర మాయమైంది, కాటా ఆగిపోయింది. సర్వరు వేడెక్కింది, చల్లారాలి అని వాచ్‌మన్‌తో చెప్పి రోడ్డు దాటి వచ్చేశాడు.

మాట ఆపితే బూతు వైపు చూడాల్సి వస్తుంది. అందుకని ఆపలేదు.

"అనకాపల్లి స్టేషన్లో రైలాపీసేను. అదేటి గొప్ప. వైజాగ్ లైట్‌హౌసు దీపం ఉంది సూడండి, అది గిర్రున తిరిగి మన చోడవరం వేపు నిలబడిపోయింది. సముద్రంలో ఓడ దాన్నే నమ్ముకుని శారదా నదిలోకి దూరి చెరకు తోటల్లోకి వచ్చేస్తంది. అప్పుడు నేనేం సేసేను? ఓ చేత్తో టీ తాగుతా, ఇంకో చేత్తో దాన్ని ఎనక్కి తిప్పేను. ఢిల్లీనుంచి ఫోను. అయ్యా, ఆ ఎనక తెర తెరిసినోడు దేశం మొత్తమ్మీద మీరొక్కరేనండీ అని."

"ఓడకి చీటీ కొట్టేవా?" అన్నాడు సత్యారావు.

బెంచీ చివర కూర్చున్న గున్నమ్మ లేచింది. రోలుగుంట నుంచి బండి తోలించుకొచ్చిన మనిషి. రోడ్డు దాటి తన బండిలోంచి ఒక చెరకు గడ లాగి తెచ్చి బంగార్రాజు చేతిలో పెట్టింది.

"నిన్న నరికించేను బాబూ. పట్టుకు సూడు. తేలిగ్గా నేదూ?"

ఉంది. అతను తలెత్తలేదు.

"ఎండ రసం లాగేస్తంది, తూకం తగ్గిపోతంది. నాకు ఓడలొద్దు, రైళ్ళొద్దు. ఆ నాలుగు బొత్తాలూ మళ్ళీ తెచ్చీ."

"సర్వరు సల్లారాల పిన్నీ."

"ఓడని ఎనక్కి తిప్పినోడివి, తెరని తిప్పలేవా? సిక్కుకుంటే ఫోన్ సెయ్యమన్నాడని నువ్వే అన్నావు. ఆ ఫోను నీ మోచేతి పక్కనే ఉంది."

పరదేశి గ్లాసు కడగడం ఆపాడు. పని తెలియకపోవడంలో సిగ్గేముంది? తెలియదని ఒక్క మాట అనలేక ఊరి పంటను ఎండబెట్టడంలో ఉంది సిగ్గు. ఆ సిగ్గు బంగార్రాజు చెవుల దాకా పాకింది. లేచి బూతులోకి వెళ్ళి తలుపు లాక్కోబోయాడు. గున్నమ్మ కాలు అడ్డం పెట్టింది.

"తెరిసే ఉంచు. మేవూ ఇనాల."

వైజాగాయన దొరికాడు. కోప్పడితే బాగుండును, కోప్పడలేదు. "ఏం నొక్కావు బంగార్రాజూ?" అన్నాడు నెమ్మదిగా.

చెరకు గడ ఇంకా చేతిలోనే ఉంది. "అన్నీ సార్," అన్నాడు గొణుగుతూ.

"లైను బాగోలేదు. గట్టిగా చెప్పు."

బంగార్రాజు కళ్ళు మూసుకున్నాడు. ఈసారి మాట బడ్డీ దాటి, రోడ్డు దాటి, గేటు దగ్గర బళ్ళ వాళ్ళ దాకా వెళ్ళింది.

"అన్నీ నొక్కీసేను సార్. ఎనక్కి రావడం నాకు తెలీదు."

కళ్ళు తెరిచి, ఒక్కరైనా నవ్వుతారేమోనని చూశాడు. ఎవరూ నవ్వలేదు.