పాత బండి ముందు సీటు

సీటు బాగోలేదా? ఇయ్యాల సీటు మీద పడ్డావేటి బావా? మొన్న ఏసీ గాలి పడదన్నావు. సరే, ఏసీ ఆపేసి అద్దాలు దించేత్తానన్నాను. తరవాత కొత్త రెగ్జిను కంపుకి వాంతులొత్తన్నాయన్నావు. డోర్లన్నీ తీసి పొద్దల్లా ఎండలో ఎట్టినాను, ఊదొత్తులు ముట్టించినాను. ఇప్పుడేమో సీటు! రేపు టైర్లు నల్లగున్నాయి, నాను ఎక్కనంటావు.

బండి స్టార్టు సేసే ఒచ్చినాను, ఇనబడతందా? ఇనబడదు. అదీ కొత్త బండంటే. పాతదైతే ఈపాటికి ఈ ఈదంతా లేచి గుమ్మాల్లోకి ఒచ్చీసేది.

అక్క కేరేజీ కట్టేసింది. అదుగో, కొంగు నోట్లో కుక్కుకుని తలుపు కాడ నిలబడింది. నువ్వు మాత్రం ఆ మంచమ్మీంచి లేవవు! కొత్త బండి ఒచ్చిన కాడ్నుంచి ఇదే వరస. ఒకసారి బస్సులో ఎల్తానని మొండికేసి ఎల్లినావు. టెక్కలి కాడ వాంతి, సీకాకులం కాంప్లెక్సులో సొమ్మసిల్లి పడిపోవడం. ఆ తరవాత మిషను వాయిదాకైతే అసలు ఎల్లనే లేదు. నీ కాల్లు సూసుకున్నావా? ఏలెట్టి నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతంది. రాత్రి ఊపిరందక గోడకి జేరబడి కూకున్నావంట. ఇంకోసారి మానేత్తే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి ఎల్లిపోద్దని డాక్టరు నాతోటే సెప్పినాడు. నీ కిడ్నీలు ఇంక పని సెయ్యవు బావా. రగతం కడిగే మిషను విశాకపట్నంలో ఉన్నాది, నీ మంచం కాడికి నడిసి రాదు.

ఏటి? పాత బండే బండా?

ఓలమ్మో! ఎవులంటన్నారీ మాట, నువ్వా? అక్కా, ఇన్నావా మీ ఆయన మాట?

రెండూ అంబాసిడర్లే కదా బావా. పేరదే, రూపమదే. అదే గుండ్రటి ముక్కు, బోజనం సేసి లేచినోడి పొట్ట లాగ అదే డిక్కీ. దూరం నుంచి సూత్తే ఏది పాతదో ఏది కొత్తదో నీకు తెలీదు. లోపల సూడు మరి! పాతదాన్లో నీ పక్క డోరు లోపల్నించి తెరుసుకునేదా? నాను దిగి, సుట్టూ తిరిగి ఒచ్చి తియ్యాలి. వానొత్తే కాల్ల కాడ నీల్లు కారేవి, నువ్వు గోనె సంచి పరుసుకుని కూకునేవోడివి. టెక్కలి దాటితే సాలు, ఇంజను మరిగిపోయేది. నాను డబ్బా అట్టుకుని పొలాల్లో కాలవ కాడికి పరిగెట్టేవోన్ని. నువ్వు లోపల కూకుని, “ఒరే మహేశూ, ఈ డొక్కు నాకన్నా ముందు పోద్దిరా” అని ఇకిలించేవోడివి కాదా?

ఎప్పుడో బారువ నుంచి ఎండుసేపల బస్తాలేసినాను. ఇచ్ఛాపురం అవతలోడికి బండి అమ్మేసిన రోజుకి కూడా ఆ కంపు పోలేదు. ఇన్నేల్లూ ఆ కంపులో కూకున్నావు, ఒక్క వాంతి అవ్వలేదు నీకు. కొత్త రెగ్జినుకి అయిపోతన్నాయంట!

ఇదేటి తక్కువ సేసింది నీకు? ఇంజను కొత్త రకం, ఎంత దూరం తోలినా సల్లగుంటాది. స్టీరింగు కాడుండే గేరు కిందకొచ్చింది. ముందు పొడుగు బెంచీ తీసేసి, నీకొకటి నాకొకటి, యేరేగా రెండు సీట్లేసినారు. నీ సీటు ఎనక్కి వాల్తాది కూడా. పడక కుర్సీయే అనుకో! నడుం వాల్చుకుని ఎల్లి రావయ్యా మహానుబావా అంటే, అబ్బే, నాకా పాత బెంచీయే కావాలంటాడీ మనిషి.

అబద్దం. ఒట్టి అబద్దం. ఆడితే నా మొకం సూసి ఆడు, ఆ కొబ్బరి సెట్ల కేసి సూత్తావేటి?

పూజ రోజునే నాకు ఒల్లు మండిపోయింది, తెలుసా? టైర్ల కింద నిమ్మకాయలెట్టినాం, పసుపు బొట్లెట్టినాం. అందరి ముందూ, “బావా, మొదట నువ్వే కూకోవాల” అన్నాను. నువ్వు జీడితోట కంచె కాడ నిలబడిపోయినావు. బండి మీద సెయ్యి కూడా ఎయ్యలేదు. పెసాదం తీసుకుని ఎల్లిపోయినావు. కుల్లు అనుకున్నాను. ఒట్టు బావా, బామ్మర్ది బాగుపడిపోతన్నాడని నీకు కడుపుమంట అనుకున్నాను. నాలుగు రోజులు నీ ఇంటి కేసి రాలేదు నాను.

ఇయ్యాల పొద్దున్న బోరు కాడ నీల్లు కొడతా అక్క మొత్తం కక్కేసింది. అక్క మీద కల్లెర్ర సెయ్యకు! అది సెప్పబట్టే ఒచ్చినాను, లేకపోతే నీ నాటకాలు ఎప్పటికి తెలుస్తాయి నాకు?

పూజకి ముందు రోజు కాశీబుగ్గ టేక్సీ స్టాండులో టీ బడ్డీ ఎనకాల నువ్వున్నావంట. నా మాట ఇన్నావంట.

అవును, అన్నాను. కాదని ఎవులన్నారు? ఆ వైకుంఠరావు, డ్రైవర్లందరి ముందూ, “ఏరా, ఇది కూడా ఆసుపత్రి బండేనా?” అని ఎకసెక్కమాడినాడు. అందరూ పక్కున నవ్వినారు. నాకు మండింది. “ఈ బండిలో పెల్లికూతుర్లే ఎక్కుతారు. రోగమోలు ఎవులూ ఎక్కరు” అన్నాను. గట్టిగానే అన్నాను. నువ్వు ఇనేసి టీ తాగకుండానే ఎల్లిపోయినావంట.

అంటే? అప్పుడే ఒచ్చి నా సొక్కా అట్టుకోవచ్చు కాదా? సెంప మీద ఒకటియ్యొచ్చు కాదా? ఆ అక్కు నీకు లేదేటి? అమ్మా బాబూ పోయిన కాడ్నుంచి నీ ఇంట్లో గంజి తాగి పెరిగినోన్ని. నన్ను కొట్టడానికి నీకు ఎవుల పర్మిషను కావాల?

కొట్టలేదు. ఇంటికొచ్చి ఏసీ పడదు, కంపు పడదు, సీటు పడదు! పైగా అక్కతో ఏటన్నావు? “ఆడి కొత్త బండిలో నాను పోతే, ఆడికింక పెల్లి బేరాలు రావు. ఆడి కడుపు కొట్టకూడదు” అన్నావంట. సిగ్గులేదు? పెల్లాం మొకమ్మీద అనే మాటేనా అది? అది అప్పట్నుంచి అన్నం ముట్టలేదు, నీకు తెలుసా?

తల అడ్డంగా ఊపకు. అన్నావు.

సరే, నిజమే. బండి తోలుకుని బతికేవోన్ని, నాకు తెలీదేటి? ఉద్దానంలో ఏ ఊరెల్లినా ఈ మాయదారి రోగమే. ఎల్లినప్పుడు మాటాడతా ఎల్తారు, తిరిగొచ్చినప్పుడు కొందరు మాటాడరు. దార్లో పేనం పోతే మనం ఏటి సేత్తాం? సీట్లోనే నిలువుగా కూకోబెట్టి, రొమ్ము సుట్టూ తువ్వాలు కట్టేసి, నిద్దరోయిన మనిషి లాగ ఇంటికి తెచ్చేత్తాం. తరవాత పసుపు నీల్లతో ఎంత కడుగు, ఊల్లో తెలిసిపోద్ది. ఇంక ఆ బండిలో ఏ తల్లీ తన పిల్లని పెల్లికూతుర్ని సేసి ఎక్కించదు. పాత బండికి జరిగింది అదే కాదా? మాగమాసంలో అందరి బండ్లకీ బంతిపూల దండలు, నా బండొకటే స్టాండులో ఈగలు తోలుకుంటా ఉండేది.

దానికి నువ్వు కారనం కాదు, జక్కయ్య మాస్టారు. ఆ సంగతి నీకు తెలుసు. సగమే తెలుసు. మిగతా సగం ఎవులికీ తెలీదు, నా పెల్లానికి కూడా సెప్పలేదు.

కూకో, కదలకు. ఇను.

ఆల్లది సర్చి పక్కిల్లు. నాకు అచ్చరాలు దిద్దించినోరాయన. ఆసుపత్రి నుంచి తిరిగొత్తన్నాం. ఆయన బారియ ఇమలకుమారమ్మగారు ఎనక సీట్లో తొంగుండిపోనారు, పాపం, రెండు రాత్రులై నిద్దర లేదు ఆవిడికి. మాస్టారు నా పక్కన బెంచీ మీద. నరసన్నపేట దాటినాక మెల్లగా జరిగి జరిగి నా బుజమ్మీద తల వాల్చినారు. నువ్వూ అలాగే వాల్చుకుని పడుకునేవోడివి కాదా, ఆ బెంచీ మీద? నాకు అలవాటే. నా పాటికి నాను కబుర్లు సెప్పుకుంటా తోల్తన్నాను. రోడ్డు ఎడల్పు సేసేత్తన్నారు మాస్టారూ, ఇంక కునుకు పడితే మెలకువొచ్చేసరికి పలాసే, అని. మా గుంటడికి లెక్కలు రావట్లేదు, మీరే ఒకసారి సెవి మెలెయ్యాల, అని.

టెక్కలిలో ఆపి, టీ తాగుదామా అన్నాను. పలకలేదు. నిద్దరనుకున్నాను. దిగి రెండు గ్లాసులు తెచ్చినాను. గ్లాసు ఆయన సేతికి తగిలించినాను, ఏడి ఏడి గ్లాసు. సెయ్యి ఎనక్కి తీసుకోలేదు బావా.

ఎప్పుడు పోయినారో నాకు తెలీదు. ఎంత సేపు సచ్చిపోయిన మనిషితో కబుర్లాడినానో తెలీదు.

అమ్మగారిని లేపలేదు. ఆ రోడ్డు మీద, లారీల మద్దిన, ఆవిడ ఏడుపు నా వల్ల కాదనిపించింది. మల్లీ ఎక్కినాను. ఆయన పక్కకి ఒరిగిపోతే ఆవిడ లేచి సూత్తారని, ఆ తల తీసి మల్లీ నా బుజమ్మీదే ఎట్టుకున్నాను. ఊరు దాకా అలాగే తోలినాను. గేరు మార్చినప్పుడల్లా నా బుజం కదిలేది, ఆయన తలా కదిలేది. కదిలినప్పుడల్లా, “ఏటి మాస్టారూ?” అన్నాను. తెలిసి కూడా అన్నాను. ఎంత బరువనుకున్నావు ఆ తల! బతికున్న తల అంత బరువుండదు.

అందుకు కొన్నాను ఈ బండి. పెల్లిల్ల కోసమని స్టాండులో సెప్పినాను, ఇంట్లో సెప్పినాను, దేవుడికీ అదే సెప్పినాను. షోరూములో ఆడు ఏసీ ఏసి సూపించినాడు, పాటలెట్టి సూపించినాడు. నాను ముందు డోరు తీసి, రెండు సీట్ల మద్దిన సందులో సెయ్యెట్టి సూసినాను. ఇక్కడ కూకున్నోడి తల నా మీదకి రాదు. ఇదే కావాలన్నాను.

ఆ సందులో సెయ్యెట్టినప్పుడు నా బుర్రలో ఉన్నది జక్కయ్య మాస్టారు కాదు. నువ్వు.

ఊఁ. ఇప్పుడు సూడు నా మొకం. నీ తల నా బుజమ్మీద బరువెక్కితే నా వల్ల కాదని, నువ్వు బతికుండగానే బండి మార్చేసినాను. స్టాండులో ఆ మాటన్నప్పుడు నిన్ను తలుసుకోలేదని సెబుదామనే ఒచ్చినాను, అదీ అబద్దమే. తలుసుకున్నాను. వైకుంఠరావు నవ్వు ఒక వంక, నువ్వు ఇంకెక్కకపోతే బాగున్ను అనిపించే బయం ఒక వంక. నాను ఎదవని బావా. నాకోసమని ఇక్కడ కూకుని సచ్చిపోవాలనుకుంటన్నావు సూడు, నువ్వు నాకన్నా పెద్ద ఎదవవి.

ఏడవకు. నువ్వేడిత్తే అక్క నన్ను సంపేత్తాది.

పెల్లిల్లా? ఎవుల బండిలోనో ఎల్తారు, పెల్లికూతుర్లకి బండ్లే లేవేటి ఈ పలాసలో? నిన్ను తీసుకెల్లడానికి ఎవుడొత్తాడు, ఆ వైకుంఠరావా? దార్లోనే పోతావనుకో, నా పక్క సీట్లోనే పో. తువ్వాలు కట్టను, నా సెయ్యి అడ్డమెట్టి తీసుకొత్తాను. అంతే గానీ, నాను బండి అట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండగా, బండి మైల పడిపోద్దని మంచమ్మీద సత్తానంటే మాత్రం ఊరుకోను. ఈడ్చుకెల్లి పడేత్తాను బండిలో.

బయమా? ఉన్నాది. మొత్తం దారంతా బయమే. నువ్వు దగ్గు ఆపితే బయం, మాటాడ్డం ఆపితే బయం.

బయంతోటే తోల్తాను. లే బావా, ఎండెక్కిపోతంది.