మబ్బులు మింగిన టర్బైను

వేంపల్లె బస్టాండు పక్కన గంగక్క టీ కొట్టులో తిమ్మన్న మాటలందుకున్నాడంటే, పులివెందుల బస్సు వచ్చి పోయినా ఎవరూ లేవరు. ఆ పొద్దు మాత్రం వింటున్నవాళ్లలో అతనికి కావాల్సింది ఒక్క మనిషే. నూనె మిల్లు రామసుబ్బయ్య శెట్టి. మిల్లులో తాతలనాటి కరెంటు బోర్డులు పీకేసి, కొత్త ఎలక్ట్రానిక్ ప్యానెళ్లు పెట్టిస్తాడని ఊరంతా అనుకుంటోంది. కోస్తాలో కాంట్రాక్టు పని అయిపోయి తిమ్మన్న ఎండాకాలంలో ఊరు చేరాడు. మళ్లీ పని దొరకలేదు. ఈ మిల్లు పని వస్తే పెళ్లాం బిడ్డలను వదిలి ఇంకో ఊరు పోవాల్సిన అగత్యం ఉండదు.

శెట్టి బెంచీ చివర కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. తిమ్మన్న ఆయనకు వినపడేలా గొంతు పెంచాడు.

"బోర్డులు మార్చేది ఏమంత పనప్పా! నేను గ్యాసు టర్బైనుకే మార్చినా."

"టర్బైనంటే యాందిరా?" అన్నాడు శెనక్కాయ రైతు బొజ్జన్న.

"శానా పెద్ద మిషను, బొజ్జన్నా. ముందర గాలి పీలుస్తాది, నడాన గ్యాసు మండుతాది, ఆ ఊపుకు చక్రం తిరిగితే కరెంటు. దాన్ని నడిపే బోర్డులు బీరువాలంతేసి ఉండాయి. పాతబడినాయి, సామాన్లు దొరకవు. అవి తీసి కంప్యూటరు పెట్టాల. ఏ వైరు యాడిదో నంబరు కట్టి, ఇప్పి, మళ్లీ బిగించింది ఎవురనుకున్యావు? నేనే."

ఇంతవరకూ నిజమే. పదిమందిలో ఒకడిగా ఆ పని చేశాడు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ శెట్టి తల ఎత్తలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిషను స్టార్టు చేసినారు. లోపల మంట భగభగ మండుతాంది. కంప్యూటరేమో మంట లేదు పో అని ఆపేస్తాంది. బెంగుళూరు ఇంజనీర్లు తలలు పట్టుకున్యారు. నేను పోయి చూస్తే, మంటను కనిపెట్టే వైరు వదులుగా ఉండాది. బిగిచ్చినా. అంతే!"

ఆ వైరు బిగించింది వేరేవాడు. తిమ్మన్న టార్చిలైటు పట్టుకున్నాడు. కానీ శెట్టి ఈసారి తలెత్తి చూశాడు. ఆ చూపు చాలింది తిమ్మన్నకు.

"పెద్ద ఇంజనీరు నా రెండు చేతులూ పట్టుకుని, తిమ్మన్నగారూ, కంప్యూటరు ముందర మీరే కూర్చోండి అన్యాడు."

"గారు అన్యాడా?" అంది గంగక్క, పాలు తిరగబోస్తూ.

"అన్యాడక్కా! నేను కూర్చుని ఒక్క మీట నొక్కితే ఆ మిషను లేడిపిల్ల మాదిరి లేచింది. రైల్లు డ్రైవర్లు లేకుండానే ఉరుకుతాండాయి. కడపలో ఫ్యాన్లు తిరిగే ఊపుకు ఇండ్లు పైకి లేస్తాంటే, జనం తలుపులు పట్టుకుని యాలాడినారు!"

బెంచీ మీద ఎవరికో పొలమారింది. శెట్టి గ్లాసు కింద పెట్టి, చేతులు కట్టుకుని తిమ్మన్న వైపు తిరిగాడు. ఇంక వెనక్కి తగ్గితే పని పోతుందనిపించింది తిమ్మన్నకు.

"అసలు సంగతి ఇప్పుడు చెప్తా వినండి. మిషను గాలి పీలుస్తాదని చెప్తి కదా? ముందర నా టవాలు పోయింది. తర్వాత ఇంజనీరు టోపీ. తర్వాత కుర్చీలు. ఆనెక తలెత్తి చూస్తే, సముద్రం మీది మబ్బులు వరస కట్టి వస్తాండాయి మిషను నోట్లోకి! అందరూ ఆపు ఆపు అని అరుస్తాండారు. నేను ఆపుతానా? మా సీమలో వాన లేక జనం అల్లాడుతాంటే, ఇంత మబ్బు చిక్కితే ఇడుస్తానా? పొగగొట్టాన్ని ఇట్ల పడమరకు తిప్పి, ఆ మబ్బులన్నీ మన వేంపల్లె మీదికి ఊదేసినా!"

ఎవరూ నవ్వలేదు. బొజ్జన్న బీడీ ఆర్పి, నెమ్మదిగా అడిగాడు.

"ఎప్పుడప్పా అది?"

"పోయినేడే. శ్రావణంలో."

"పోయినేడు శ్రావణంలో నా చేనంతా మాడిపోయె. చెట్టు పీకితే ఒక్క కాయ లేదు. ఎద్దులను అమ్ముకుంటి. నువ్వు ఊదిన వాన యాడ పడిందిరా తిమ్మన్నా? ఒక్క పదును వాన పడిన్యా నా ఎద్దులు నాకు మిగిలుండేవి."

ఆ ఎద్దులను తిమ్మన్న కూడా ఎరుగును. కానీ శెట్టి చూస్తున్నాడు, ఏదో ఒకటి చెప్పాలి.

"అదే చెప్పబోతాండా బొజ్జన్నా... మబ్బులు రాజంపేట దాటినాయి. అంతలోకే కరెంటు పోయింది. మిషను ఆగిపాయె."

శెట్టి అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు.

"కరెంటు తయారు చేసే చోటనే కరెంటు పోయిందా తిమ్మన్నా?"

కొట్టంతా ఘొల్లుమంది. గంగక్క పాలగిన్నె దింపి కొంగుతో కళ్లు తుడుచుకుంది. బొజ్జన్న కూడా నవ్వాడు, మొదట మెల్లిగా, తర్వాత ఆపుకోలేక. తిమ్మన్న తల వంచుకుని తానూ నవ్వేశాడు. పని పోయిందనే అనుకున్నాడు.

శెట్టి లేచి భుజాన కండువా సర్దుకున్నాడు.

"పొద్దున్నే మిల్లుకు రా. నంబర్లు కట్టేంతవరకే నీ పని. మీట మాత్రం నేనే నొక్కుతా."