రెక్క కింది అతుకు

రేపు పార్కుకు తరలాల్సిన ఇనుప కొంగ షెడ్డు మధ్యలో నిలబడి ఉంది. దాన్ని చేసిన శిల్పి పక్కనే ఉంటే, వెల్డరుగా రిటైరైన ఆమె తండ్రి టార్చిలైటు పట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నాడు.

"అతుకులన్నీ అలా బయటికే వదిలేశావేమే? గ్రైండరు పెట్టి నున్నగా చెయ్యొచ్చుగా?"

"అతుకు దాచేవాడు తప్పు దాస్తున్నట్టేనని నువ్వే అనేవాడివిగా నాన్నా."

"అన్నాలే. మెడ దగ్గర మాత్రం ముత్యాలు పేర్చినట్టుంది. నా చెయ్యే వచ్చింది నీకు."

"మరి? ఎవరి కూతుర్ని!"

"పొంగిపోకు. రెక్క కింద ఇదేంటి, కోడి కెలికినట్టు? ఎవడో చేతకానివాడికి అప్పజెప్పావు."

"చేతకానివాడేం కాదు."

"చూస్తే తెలియట్లా? వాడి చెయ్యి వణికింది."

"వణికింది. పోయిన నెల ఒక్క అతుకు వేస్తానని వెల్డింగు రాడ్డు నా చేతిలోంచి లాక్కున్నావు, గుర్తులేదూ?"

"నేనా?"

"నువ్వే."

"నేను వెళ్ళాకైనా కోసి మళ్ళీ వేసుకోవాల్సింది."

"ఎందుకూ? వంద కిలోల రెక్క దాని మీదే నిలబడింది. నేను వేలాడి చూశాను, చెక్కుచెదర్లేదు."

ఆయన టార్చి దగ్గరగా పెట్టి ఆ అతుకుని వేలితో తడిమాడు.



"రేపు ఈ రెక్కని గేటు వైపుకి తిప్పి నిలబెట్టమను. జనం అటు నుంచే వస్తారు."